పొగగొట్టాల నీడన మన ఊపిరి

ఉగాది నాడు పంచాంగ శ్రవణం చేయించుకొనే ఆచారాన్ని మనవారు ఎక్కడ స్థిరపడినా విడిచిపెట్టలేదు. తరాల క్రితం తెలుగుసీమను విడిచి ఈ బొంబాయి తీరానికి చేరుకొన్న కుటుంబాలలో ఈనాటికీ వేపపువ్వు పచ్చడి నోట వేసుకొని, ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధగా వింటారు. అయితే ఏ పంచాంగ కర్తా గుణించని ఖాతా ఒకటి ఉన్నది. అది మన ఊపిరి ఖాతా. ఈ మహానగరం మన పెద్దలకు కూడు పెట్టినది, గూడు ఇచ్చినది. అందుకు బదులుగా వారి రొమ్ముల నుండి ఏమి పుచ్చుకొన్నది? ఆ వ్యయాన్ని ఎవరైనా లెక్క వ్రాసినారా? ఈ ప్రశ్నలతోనే బొంబాయి గాలి చరిత్రను కొంచెం తిరగవేయడం ఈ వ్యాసం ఉద్దేశం. 1995 నుండి నగరానికి ముంబయి అన్న పేరే అధికారికమైనా, పాత కథ చెప్పేటప్పుడు పాత పేరే నోటికి వస్తున్నది. పాఠకులు మన్నింతురు గాక.

మగ్గం నుండి మిల్లుకు

మనవాళ్లు ఈ ఊరికి ఒక్కసారిగా వచ్చిన వారు కారు. మొదట వచ్చిన వారు కామాఠీలు. నిజాము రాజ్యంలోని తెలుగు పల్లెల నుండి తట్టా పారా పట్టుకొని వచ్చి, రోడ్లు వేసి, గోడలు లేపి, ఈ నగరాన్ని రాయి రాయిగా నిలబెట్టిన కూలిజనం వారు. కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు వారి వల్లనే వచ్చినది. వారి తరువాత వచ్చిన వారిలో పద్మశాలీలు ముఖ్యులు. మిల్లుబట్ట వచ్చి చేతిమగ్గం నడ్డి విరిచినప్పుడు, బ్రతుకు తెరువు పోగొట్టుకొన్న నేతగాడు ఆ మిల్లునే వెదుక్కుంటూ వచ్చినాడు. తాతల నాటి మగ్గం విడిచి మిల్లు సాంచెల ముందు నిలబడినాడు.

ఆ మిల్లుల పుట్టుక 19వ శతాబ్దం నడిమి కాలం నాటిది. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణాకు మొదటి రైలు నడచినది. మరుసటి సంవత్సరం, 1854లో, కావస్జీ నానాభాయి దావర్ అనే పారశీక వర్తకుడు నూలు మిల్లు కంపెనీ స్థాపించినాడు. 1856లో తార్‌దేవ్‌లో ఆ మిల్లు నూలు తీయసాగినది. అటు తరువాత పరేలు, లాల్‌బాగు, చించ్‌పోక్లీ, వర్లీ ప్రాంతాలలో ఒకదాని ప్రక్కన ఒకటిగా మిల్లులు లేచినవి. ఆ ప్రాంతానికి మరాఠీలో గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అన్న పేరు పడినది. ప్రతి మిల్లుకూ ఆవిరి యంత్రం, ప్రతి యంత్రానికీ బొగ్గు, ఆ బొగ్గుకు ఆకాశానికెత్తిన ఒక పొగగొట్టం.

ఆ గొట్టాల మొదట్లోనే కూలివాడి చాల్. ఒంటి గది, అందులోనే వంట, పడక, పురుడు, పుణ్యం. పైనుండి మసి, లోపల కట్టెపొయ్యి పొగ. అయినా దానిని గూర్చి ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కారణం లేకపోలేదు. గొట్టంలో పొగ లేచిన నాడే ఇంటి పొయ్యి మీద కుండ ఎక్కేది. పొగ ఆగినదంటే మిల్లు మూతపడినదని అర్థం. కాబట్టి పొగను చూసి కూలివాడు దగ్గినాడే గాని తిట్టలేదు.

గాలి కోసం వీధులు

1896లో బొంబాయిలో మహామారి ప్రబలినది. మాండ్వీ పేటలో మొదలై వేలాది మందిని బలిగొన్నది. ఎలుకల మీది గోమార్లు ఆ వ్యాధిని అంటిస్తున్నవని శాస్త్రజ్ఞులకు ఇంకా నిశ్చయంగా తెలియని రోజులవి. ఇరుకు ఇళ్లలో నిలిచిపోయిన చెడుగాలే వ్యాధికి మూలమని పాలకులు పలువురు నమ్మినారు. 1898లో బొంబాయి ఇంప్రూవుమెంటు ట్రస్టు ఏర్పడినది. పడమటి సముద్రపు గాలి ఊరి నడిబొడ్డుకు చొరబడేటట్లు ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్డు వంటి విశాలమైన బాటలు తీయడం ఆ ట్రస్టు తలపెట్టిన పనులలో ఒకటి.

ఈ విషయం కొంచెం ఆలోచించదగినది. వ్యాధి గాలి ద్వారా వస్తున్నదన్న వారి ఊహ తప్పు. కాని ఊరికి మంచి గాలి అవసరమన్న మాట తప్పు కాదు. అయితే గాలి రావడానికి దారి తీసిన వారు, ఆ గాలిలో కలిసే పొగను మాత్రం అప్పటికి ముట్టుకోలేదు. పైగా రోడ్ల కోసం పడగొట్టిన ఇళ్లలో ఎక్కువ పేదవారివి. ఇల్లు పోయినవారు మరింత ఇరుకైన చాళ్లలో తల దాచుకొన్నారు.

పొగ నల్లదనం కొలిచిన చట్టం

పొగ మీద చట్టం మన దేశానికి కొత్త కాదు. కలకత్తాలో 1863లోనే ఒక చట్టం చేసినారు. 1905లో వంగ రాష్ట్రానికి మరింత గట్టి చట్టం వచ్చినది. అదే మాదిరిలో 1912లో బొంబాయి పొగ బాధల నివారణ చట్టం వచ్చినది. ఇంగ్లండులో ఇళ్ల పొగను సైతం అదుపులో పెట్టిన చట్టం రావడానికి 44 ఏండ్ల ముందే మన నగరానికి పొగ చట్టం ఉన్నదంటే నేడు ఆశ్చర్యం కలుగుతుంది.

ఆ కాలంలో పొగను కొలిచే పద్ధతి చిత్రమైనది. రింగెల్‌మన్ అనే ఫ్రెంచి ఆచార్యుడు 19వ శతాబ్దం చివర ఒక పటం తయారు చేసినాడు. తెల్లకాగితం మీద నల్లగీతలు పలుచగా మొదలై, క్రమంగా చిక్కనై, చివరకు అట్ట అంతా నలుపయ్యేటట్లు గళ్లు గీసినాడు. పరీక్షకుడు దూరాన నిలబడి, గొట్టం నుండి వెలువడే పొగ ఆ గళ్లలో దేనితో సరిపోలుతున్నదో చూసి అంకె వేస్తాడు. పొగ మరీ నల్లగా ఎక్కువసేపు వస్తే మిల్లు యజమానికి తాఖీదు.

దీని వల్ల మేలు కొంత జరుగుతుంది. కొలిమిలో బొగ్గు ఎట్లా వేయాలో ఫయరుమానుకు నేర్పితే నల్లపొగ తగ్గుతుంది. యజమానికి బొగ్గు ఖర్చూ కలిసివస్తుంది. కాని ఒక్క సంగతి గమనించాలి. ఆ పటం పొగ నల్లదనాన్ని కొలిచినది గాని, ఆ పొగ పీల్చినవాడి రొమ్మును కొలవలేదు. కంటికి కానరాని గంధకపు వాయువుకు ఆ గళ్లలో చోటు లేదు.

బొంబాయి ఆకాశం కొంత తేట పడడానికి చట్టం కన్న నీరు ఎక్కువగా తోడ్పడినదని చెప్పవచ్చు. లోనావళా కొండలలో చెరువులు కట్టి, ఆ నీటిని క్రిందికి దూకించి, ఖోపోలీలో విద్యుత్తు పుట్టించే పనిని టాటా వారు పూనుకొన్నారు. 1915లో ఆ విద్యుత్తు బొంబాయి మిల్లులకు అందసాగినది. ఒక్కొక్క మిల్లే ఆవిరి యంత్రాన్ని తీసివేసి కరెంటు మోటారు పెట్టుకొన్నది. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు విద్యుత్ రైలు కూడ నడచినది. బొగ్గు తగ్గిన చోట మసి తగ్గినది. యజమానులు ఇది మన ఊపిరి కోసం చేయలేదు; కరెంటు చౌక పడుతుందని చేసినారు. ఏమైనా మేలు మేలే.

గోడల లోపలి గాలి

బయటి పొగ తగ్గినా మిల్లు గోడల లోపలి గాలి మారలేదు. అది మనవారి కథలో ముఖ్యమైన ఘట్టం. దూది బేళ్లు విప్పి విదిలించే బ్లోరూములోను, దూదిని ఏకే కార్డింగు ఖాతాలోను సన్నని దుమ్ము మంచులాగా తేలుతుంటుంది. నేత ఖాతాలో పోగులు తెగకుండ ఉండడానికి గాలిని ఎప్పుడూ చెమ్మగా ఉంచుతారు. ఆ వేడి, ఆ చెమ్మ, ఆ నూగు నడుమ ఎనిమిది గంటల పాళీ.

ఈ దుమ్ము వల్ల వచ్చే జబ్బును వైద్యులు బిసినోసిస్ అంటారు. దానికొక విచిత్ర లక్షణం ఉన్నది. వారపు సెలవు గడిచి తిరిగి పనిలోకి వెళ్లిన మొదటి రోజున రొమ్ము పట్టివేసినట్లవుతుంది, ఆయాసం వస్తుంది. మరునాటికి సర్దుకుంటుంది. కొన్నేళ్లు గడిచేసరికి ఆ బాధ వారమంతా నిలుస్తుంది. చివరకు పని మానినా పోని దగ్గు మిగులుతుంది. దూదితోపాటు వచ్చే ఆకుపొడి, దాని మీద పెరిగే సూక్ష్మజీవుల విషం ఈ బాధకు ముఖ్య కారణాలని పరిశోధకులు చెప్పినారు. 1950 దశకంలో ఇంగ్లండులో డాక్టరు షిల్లింగ్ ఈ వ్యాధి ముదిరే దశలను వరుసపెట్టి వర్గీకరించినారు.

మన ఇళ్లలో దానికి ఆ పేరు లేదు. తాతకు దమ్ము అన్నారు. బీడీలు త్రాగినందువల్ల అన్నారు. క్షయ అని అనుమానించి దూరంగా కూర్చున్నారు. ఊరి గాలి పడితే తగ్గుతుందని కొందరిని పల్లెకు పంపినారు. పల్లెలో పోయినవాడి చావు బొంబాయి లెక్కలోకి రాలేదు. బీడీ వల్ల హాని లేదని నేననడం లేదు. దూదిదుమ్ము పీల్చేవాడికి పొగ త్రాగే అలవాటు కూడ ఉంటే కీడు రెట్టింపవుతుంది. కాని తప్పంతా బీడీ మీద మోపి మిల్లును విడిచిపెట్టడం న్యాయం కాదు. బిసినోసిస్‌ను మన దేశపు పరిహార చట్టం వృత్తి వ్యాధుల పట్టికలో చేర్చినది. కాని వైద్యుని చీటీలో ఆ పేరు పడకపోతే పట్టికలో ఉన్న హక్కు పట్టికలోనే ఉండిపోతుంది.

లండను నేర్పిన పాఠం

లెక్క వ్రాస్తే ఏమి జరుగుతుందో తెలుసుకొనడానికి ఒక్కసారి లండను వైపు చూడవలసి ఉన్నది. ఆ నగరంలో ఇంటింటా బొగ్గుకుంపటి. శతాబ్దాలుగా అక్కడి వారు పొగమంచును ఊరి సహజ లక్షణంగా భావించి ఊరకున్నారు. 1952 డిసెంబరు 5న గాలి స్తంభించినది. చల్లని గాలి నేలను అంటిపెట్టుకొని, దానిపైన వెచ్చని గాలి మూతలాగా కప్పివేసినది. కుంపట్ల పొగ, విద్యుత్ కేంద్రాల పొగ పైకి పోయే దారి లేక నాలుగైదు రోజులు వీధులలోనే నిలిచిపోయినవి. 9వ తేదీన గాలి మళ్లినది. ఎదుటి మనిషి కనబడని చీకటి తొలగినది.

ఇదివరలో అయితే ఆ ముచ్చట అంతటితో ముగిసేదే. కాని మరణాల రిజిస్టర్లు తిరగవేసి చూసేసరికి, ఆ కాలంలో మామూలుగా సంభవించే చావుల కంటె సుమారు 4,000 ఎక్కువ కనబడినవి. ఎక్కువ మంది ముసలివారు, పసివారు, మునుపే గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు. తరువాతి నెలల చావులను ఇన్‌ఫ్లుయెంజా మీదికి నెట్టినారు. చాల ఏండ్లకు మరల లెక్క వేసిన పరిశోధకులు మొత్తం 12,000 దాకా ఉండవచ్చునని తేల్చినారు. ఆ మొదటి లెక్క చాలు, పార్లమెంటు కదలడానికి. 1956లో శుద్ధ వాయు చట్టం వచ్చినది. ఫ్యాక్టరీలతోపాటు ఇళ్ల కుంపట్లకు కూడ హద్దులు పెట్టినారు. పొగరాని ఇంధనానికి మారేవారికి ధనసహాయం కూడ చేసినారు.

లండనులో పొగ కొత్తది కాదు, చావు కొత్తది కాదు. కొత్తది లెక్క ఒక్కటే.

చెంబూరు, లాల్‌బాగు, ఖార్

బొంబాయిలో అదే దశకంలో పొగ చిరునామా మారసాగినది. 1954, 1955 సంవత్సరాలలో ట్రాంబేలో రెండు చమురు శుద్ధి కర్మాగారాలు వెలసినవి. 1956లో అక్కడే థర్మల్ విద్యుత్ కేంద్రం, 1965లో ఎరువుల కర్మాగారం వచ్చినవి. దేశానికి అవి కావలసినవే. కాని ప్రక్కనే ఉన్న చెంబూరులో కండ్లు మండి, గొంతు పట్టివేసే రోజులు ఎక్కువైనవి. ఆ పేటను గ్యాస్ చేంబరు అని పిలవడం అలవాటైనది.

ఇక్కడి శీతాకాలపు గాలి స్వభావం కూడ తెలుసుకోవాలి. పగలు సముద్రం నుండి వీచే గాలి పొగను ఊడ్చివేస్తుంది. కాని చలికాలంలో ఆ గాలి ఆలస్యంగా మొదలవుతుంది. రాత్రిళ్లు, తెల్లవారుజామున పొగ నేలను పట్టుకొని ఉంటుంది. వానాకాలంలో కడిగినట్లుండే ఆకాశమే దీపావళి దాటేసరికి బూడిదరంగు పడుతుంది.

1970 దశకంలో పరేలులోని కె.ఇ.ఎం. ఆసుపత్రి వైద్యులు, డాక్టరు ఎస్.ఆర్. కామత్ ఆధ్వర్యాన, ఇంతకు మునుపు చేయని పని చేసినారు. గొట్టాలను వదలి మనుషులను కొలిచినారు. మిల్లుల నడుమ నున్న లాల్‌బాగు, కర్మాగారాల ప్రక్కనున్న చెంబూరు, కొంత శుభ్రమైన ఖార్, వీటికి తోడు పోలిక కోసం ఒక పల్లెప్రాంతం ఎంచుకొన్నారు. వేలాది మందిని పరీక్షించి, దగ్గు ఎంతకాలం నుండి, ఆయాసం ఎప్పుడు, ఊపిరి ఎంత బలంగా ఊదగలరు అని వ్రాసుకొన్నారు. గాలి చెడిన పేటలలో దగ్గు, ఆయాసం ఎక్కువని ఆ లెక్కలో కనబడినది. అంతవరకు అనుమానంగా ఉన్నది ఇప్పుడు అంకెలలో నిలిచినది.

1970లో మహారాష్ట్రలో కాలుష్య నివారణ మండలి ఏర్పడినది. 1972లో స్టాక్‌హోములో జరిగిన ప్రపంచ పర్యావరణ మహాసభ తరువాత, 1981లో మన పార్లమెంటు వాయు కాలుష్య నివారణ చట్టం చేసినది. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి భోపాలులో విషవాయువు వేలాది ప్రాణాలు తీసిన పిమ్మట, గాలి చెడితే ఎంత ప్రమాదమో దేశమంతటికీ తెలిసినది.

గొట్టాలు పోయినవి, ధూళి మిగిలినది

1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షల మంది పని విడిచినారు. ఆ సమ్మె తరువాత అనేక మిల్లులు తిరిగి కోలుకోలేదు. మనవారిలో పలువురు భీవండి సాంచెలకు తరలినారు, కొందరు ఊళ్లకు మరలినారు. మిల్లులున్న చోట అద్దాల మేడలు లేచినవి. పొగగొట్టాలు ఒకటీ అరా గుర్తులుగా నిలిచినవి.

పొగ పోయినదా? దాని రూపు మారినది. 1999లో పొగ వల్ల బాధపడే నివాసుల సంఘం ఒకటి బొంబాయి హైకోర్టుకు ఎక్కినది. ఆ వ్యాజ్యం ఫలితంగా పాత టాక్సీలు సి.ఎన్.జి. ఇంధనానికి మారవలసి వచ్చినది. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం కలపని పెట్రోలే అమ్మసాగినారు. ఈ రెండూ నిజమైన విజయాలు. కాని చెంబూరు ప్రక్కనున్న మాహుల్ గ్రామం కథ వేరు. ఊరి వేరొక చోట గుడిసెలు పోయిన వారికి అక్కడ ఇళ్లు కట్టి ఇచ్చినారు. గాలి దుర్భరమని జనం మొరపెట్టుకొన్నారు. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ గాలి మనుషుల ఆరోగ్యానికి ముప్పని తీర్పు చెప్పినది. 2019లో హైకోర్టు, అక్కడికి పోనన్న వారిని బలవంతంగా పంపరాదని ఆదేశించినది. ట్రస్టు రోడ్ల నాటి కథే మరల జరిగినది: చెడుగాలి ఉన్న చోటే పేదవాడికి చోటు దొరికినది.

నేటి శత్రువు నల్లగా కనబడదు. వాహనాల పొగ, ఇళ్ల కట్టుబడి దుమ్ము, చెత్త కాల్చిన పొగ కలిసిన సన్నని ధూళి అది. దానిలో రెండున్నర మైక్రానుల లోపు రేణువులు తలవెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ముక్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుకు దిగి, రక్తంలో సైతం ప్రవేశించి, గుండెపోటుకు, పక్షవాతానికి కారణమవుతున్నవి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, చెడిన బయటి గాలిని క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చినది. ఏటి సగటున ఘనపు మీటరు గాలిలో ఈ ధూళి 40 మైక్రోగ్రాములు దాటరాదని 2009లో మన దేశం హద్దు పెట్టుకొన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5 మాత్రమే. బయటి గాలి, వంటింటి పొగ కలిసి ప్రపంచంలో ఏటా సుమారు 70 లక్షల మందిని అకాలంగా పొట్టన పెట్టుకొంటున్నవని ఆ సంస్థ అంచనా. 2023 అక్టోబరులో ఈ నగరపు గాలి ఎంతగా చెడినదంటే, హైకోర్టు తనంతట తానే విచారణకు పూనుకొన్నది.

మన వంతు లెక్క

ఈ నూటడెబ్బది ఏండ్ల కథలో నాకు కనబడిన సారం ఒకటే. పొగ దానంతట అది పోదు. లెక్కకు ఎక్కిన తరువాతనే పోతుంది. రింగెల్‌మన్ పటం నలుపును లెక్కించినది, నలుపు తగ్గినది. లండను చావులను లెక్కించినది, చట్టం వచ్చినది. కె.ఇ.ఎం. వైద్యులు దగ్గును లెక్కించినారు. చెంబూరు మొర నిజమని తేలినది. మన తాతల దమ్మును ఎవరూ లెక్కించలేదు; దానికి పరిహారమూ లేదు, పేరూ లేదు.

ఆ లెక్కను ఇప్పుడైనా వ్రాసుకోవచ్చు. మిల్లు ఖాతాలలో పని చేసిన పెద్దలు మన చాళ్లలో ఇంకా కొందరున్నారు. ఏ మిల్లు, ఏ ఖాతా, ఎన్ని ఏండ్లు, ఆయాసం ఎప్పుడు మొదలైనది అని అడిగి వ్రాసుకొనడానికి ఒక పుస్తకం, ఒక యువకుడు, ఒక ఆదివారం సాయంత్రం చాలు. వారు పోయిన తరువాత అడగడానికి ఎవరూ ఉండరు. భీవండిలోను, షోలాపురంలోను ఈనాడు సాంచెల మీద నిలబడే తమ్ముళ్లు వైద్యుని దగ్గరకు పోయినప్పుడు దగ్గు సంగతితోపాటు చేసే పని సంగతి కూడ తప్పక చెప్పాలి. చీటీలో ఆ మాట వ్రాయించుకోవాలి. ఉబ్బసమున్న పిల్లలను, ముసలివారిని చలికాలపు తెల్లవారుజామున రద్దీ రోడ్ల మీద తిప్పరాదు. మన పేటలో చెత్త కాల్చేవారిని వారించడానికి సంఘమే ముందుకు రావాలి.

ఉగాది పచ్చడిలో చేదు కూడ ఉంచిన మన పూర్వులు, చేదును దాచమని చెప్పలేదు. తీపితోపాటు లెక్కలో వేసుకోమన్నారు. నగరం ఇచ్చిన తీపిని మనం ప్రతి ఏటా సభలలో చెప్పుకొంటున్నాము. చేదును కూడ వ్రాసి ఉంచుదాము. నూతన సంవత్సరం మన సోదర సోదరీమణులకు, పిల్లలకు నిండు ఊపిరిని, ఆయురారోగ్యాలను ప్రసాదించు గాక!